మోకాళ్ళకి జాగా అమ్మేవాళ్ళకి, ఆ అమ్మకాన్ని చూడాల్సినవాళ్ళకి ఒక బహిరంగ లేఖ

పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ అధికారులకు, దేశంలో విమానాలు నడుపుతున్న కంపెనీల పెద్దలకు,

నమస్కారం. ఎయిర్‌పోర్టు లోపల 10 రూపాయలకి టీ దొరికేలా ఉడాన్ యాత్రీ కేఫ్‌లు మొదలుపెట్టారు, మంచి పని. ఇక విషయానికొస్తాను. కాళ్ళకి ఎక్కువ జాగా ఉంటుందని అదనంగా డబ్బు కట్టి కొన్న సీట్లలోంచి మా అమ్మానాన్నల్ని లేపేశారు, ఆ డబ్బు వెనక్కివ్వలేదు. ఇదే సంగతి మీద విమాన కంపెనీకి రెండు మెయిళ్ళు పెట్టాను, నెల తేడాతో వచ్చిన రెండు జవాబుల్లోనూ ఒక్క అక్షరం తేడా లేదు. కంపెనీ పేరు రాయడం లేదు. మాకు జరిగింది రేపు ఇంకో కంపెనీలో ఇంకొకళ్ళకి జరుగుతుంది. పేరు రాస్తే వాళ్ళొక్కళ్ళు సారీ చెప్పి ఊరుకుంటారు, మిగతావాళ్ళు హాయిగా ఉంటారు.

జరిగింది ఇదీ.

మా నాన్న ముప్పై ఏళ్ళకి పైగా ఆర్టీసీ బస్సు నడిపారు. క్లచ్ తొక్కీ తొక్కీ అరిగిపోయిందో, వయసుకే అరిగిందో తెలీదు గానీ ఎడమ మోకాలికి హైదరాబాద్‌లో మార్పిడి ఆపరేషన్ చేయించాం. ఆపరేషన్ బాగానే జరిగింది. కాకపోతే కాలు ఇంకా పూర్తిగా ముడుచుకోదు, కాసేపు వంచి ఉంచితే బిగుసుకుపోతుంది. విశాఖ నుంచి చెకప్‌కి రావాలంటే రైల్లో రాత్రంతా, విమానంలో గంటా గంటంపావు. అందుకని విమానం, అందుకనే ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్ సీట్లు. నాన్నకి 12సీ, అమ్మకి 12బీ, నాకు 12ఏ. టికెట్ డబ్బు కాక ఈ మూడు సీట్లకే అదనంగా 3,300. ముందు చెకిన్, ముందు ఎక్కడం, ఒక స్నాక్, ఒక డ్రింకు, ఇవన్నీ ఇందులోనే కలిసి ఉన్నాయని యాప్‌లో పచ్చటి టిక్కులు పెట్టి మరీ చూపించారు.

మేమెక్కిన ఎయిర్‌బస్ ఏ320లో పన్నెండో వరుస అంటే రెక్క మీదకి తెరుచుకునే ఎమర్జెన్సీ తలుపు పక్క వరుస. అక్కడ జాగా ఎక్కువ ఉండేది జనం పారిపోవడానికి వీలుగా ఉండాలని, అంతేగానీ మన కాళ్ళ మీద ప్రేమతో కాదు. ఇది నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు యాప్‌లో ఇంగ్లీషులో నాలుగు లైన్లు వచ్చాయి, కింద ఒక టిక్ పెట్టమంది, నేను పెట్టాను. నా తప్పేమీ లేదని అనడం లేదు. కానీ ఆ యాప్‌కి అప్పటికే మా నాన్న సీనియర్ సిటిజన్ అని తెలుసు, ఆ డిస్కౌంట్ ఇచ్చింది కూడా అదే. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో వీల్‌చైర్ కావాలని చెప్పాను. వీల్‌చైర్ అని రాసుకున్న చేత్తోనే 12సీ బోర్డింగ్ పాస్ మా చేతిలో పెట్టారు. అక్కడైనా ఎవరూ ఆగి చూడలేదు.

విమానంలో కూర్చున్నాక నాన్న కాలు చాపి, ప్యాంటు మీద నుంచే మోకాలు రుద్దుకుంటూ "బాగుందిరా, మన డీలక్సు బస్సులా ఉంది" అన్నారు. అలా ఓ ఐదు నిమిషాలు. తర్వాత ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి వచ్చి వంగి ఇంగ్లీషులో ఏదో అడిగింది. అమ్మ నా వైపు చూసింది. ఆ అమ్మాయి హిందీలో మళ్ళీ అడిగింది. అమ్మ "ఏమంటోందిరా?" అంది. అంతే, ఆ ఒక్క మాటతో అమ్మ సీటు పోయింది. నాన్న సీటు వీల్‌చైర్ లిస్టు చూడగానే పోయింది. ఇద్దరినీ లేపి అమ్మని 24బీలో, నాన్నని 27ఈలో కూర్చోబెట్టారు. రెండూ మధ్య సీట్లే. ఒకచోట కూడా కాదు.

వీళ్ళ సీట్లలోకి వెనక నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, రూపాయి అదనంగా కట్టకుండా. వాళ్ళని నేనేమీ అనను. కాసేపటికి స్నాక్స్ బండి వచ్చింది. సిబ్బంది దగ్గరున్న లిస్టులో పేరుండదో, ఉన్నా చూడలేదో, సీటు నంబరు చూసి ఇచ్చేశారు. నాన్నకి రావలసిన వేడినీళ్ళ ఉప్మా కప్పు, జ్యూసు డబ్బా 12సీ కుర్రాడికి వెళ్ళాయి. ఆ అబ్బాయి మంచివాడు, "ఇది అంకుల్‌ది అనుకుంటా అన్నా" అని నా చేతికిచ్చాడు. నేను పట్టుకెళ్ళేసరికి నాన్న ముందు సీటాయన వెనక్కి వాలిపోయి ఉన్నాడు, నాన్న ఎడమ కాలు ఏటవాలుగా పక్కావిడ కాళ్ళ వైపు తోసి, ఆవిడకి ఇబ్బంది అని మళ్ళీ వెనక్కి లాక్కుంటున్నారు. దిగేటప్పుడు కిటికీ పక్కాయన బయటికి రావాలి కదా, ఆయనకి దారివ్వడానికి నాన్న ముందు సీటు పట్టుకుని లేవబోయి మూడుసార్లు కూలబడ్డారు. నేను మాత్రం అంతసేపూ 12ఏలో ఉన్నాను. ముందు మూరెడు జాగా. కాళ్ళు చాపుకోబుద్ధి కాలేదు.

మెయిల్‌కి వచ్చిన జవాబు సారాంశం: సేఫ్టీ కారణంగా సిబ్బంది సీటు మార్చొచ్చు, ఎంచుకున్న సీటుకి కట్టిన డబ్బు వెనక్కి రాదు.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఆ అమ్మాయి చేసింది కరెక్టు. ఏ320 రెక్క మీది తలుపు దాదాపు 15 కిలోల బరువుంటుంది, మనకి ఉచితంగా ఇచ్చే చెకిన్ బ్యాగేజీ ఎంతో అంత. హ్యాండిల్ లాగగానే ఆ తలుపు లోపలికి ఒడిలో పడుతుంది, దాన్ని ఎత్తి బయటికి విసరాలి. ఎప్పుడు తెరవాలో, బయట మంటలుంటే ఎప్పుడు తెరవకూడదో సిబ్బంది అరిచి చెప్తే అర్థం కావాలి. సగం తలుపులు మూసి ఉన్నా 90 సెకన్లలో విమానం ఖాళీ అవుతుందని చూపిస్తేనే ఆ మోడల్‌కి సర్టిఫికెట్ ఇస్తారు. కాబట్టి మా నాన్న అక్కడ కూర్చోకూడదు. గర్భిణులు, చిన్నపిల్లలు, చంటిబిడ్డతో ఉన్నవాళ్ళు, బెల్టుకి అదనపు ముక్క కావలసినవాళ్ళు కూడా కూర్చోకూడదు. నా గొడవ కూర్చోనివ్వలేదని కాదు. కూర్చోకూడనివాళ్ళకి ఎందుకు అమ్మారని.

అమ్మ సంగతి వేరు. అమ్మ మోకాళ్ళు గట్టివి. నిండు గ్యాస్ సిలిండరు ఇప్పటికీ తనే దొర్లించుకుంటూ వంటింట్లోకి తెస్తుంది, పదిహేను కిలోల తలుపు ఆవిడకో లెక్కా? ఆవిడని లేపింది భాష.

ఇది మాకే మొదటిసారి కాదని మీకూ తెలుసు. 2022 సెప్టెంబర్ 16న విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చే విమానంలో, ఇలాంటి ఎక్కువ జాగా ఉన్న 2ఏ సీట్లో కూర్చున్న ఒక తెలుగావిడని, ఇంగ్లీషూ హిందీ అర్థం కావని 3సీకి మార్చారు. పక్కనున్న ఒక ప్రొఫెసర్ ట్విట్టర్లో రాస్తే దేశమంతా చర్చ జరిగింది, అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ కూడా స్థానిక భాషలు వచ్చిన సిబ్బందిని పెట్టుకోండని కంపెనీకి చెప్పారు. ఎక్కింది ఆంధ్రలో, దిగింది తెలంగాణలో, మధ్యలో తెలుగు చెల్లలేదు. ఆ చర్చ నాలుగు రోజులు నడిచి ఆగింది, మా అమ్మ దాకా దాని ఫలితమేమీ చేరలేదు.

ఇక మేం అడిగేవి. మేం అంటే నేనొక్కణ్ణే కాదు, ఈ సంగతి మా ఫ్యామిలీ గ్రూపులో పెడితే బయటపడ్డ బాధితులు చాలామందే ఉన్నారు.

1. అమ్మే ముందు అడగండి, ఎక్కాక కాదు. ఎమర్జెన్సీ తలుపు వరుస సీటు నొక్కగానే, నాలుగు లైన్ల ఇంగ్లీషు కాకుండా, విడివిడిగా ప్రశ్నలు రావాలి: ఈ సీట్లో కూర్చునే మనిషికి నడవడంలో ఇబ్బంది ఉందా, బరువైన తలుపు ఎత్తగలరా, సిబ్బంది చెప్పేది ఏ భాషలో అర్థమవుతుంది. ఒక్కో ప్రయాణికుడికీ విడిగా, ఎందుకంటే మన ఇళ్ళల్లో టికెట్ కొనేది కొడుకో కూతురో, కూర్చునేది తల్లిదండ్రులు. ఇక వీల్‌చైర్ అని నమోదైన మరుక్షణం సిస్టమ్ ఆ సీటు తీసేసి వేరేది ఇవ్వాలి, యాప్‌లో అయినా, కౌంటర్‌లో అయినా. నా మోకాలి నొప్పికి మందు షాపతను కూడా షుగర్ ఉందా అని అడిగాకే బిళ్ళ ఇస్తాడు.

2. లేపితే డబ్బు వెనక్కివ్వండి, అడక్కుండానే. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ నిబంధన ప్రకారం, కొన్న తరగతి కంటే కింది తరగతిలో ప్రయాణికుణ్ణి కూర్చోబెడితే దేశీయ విమానాల్లో పన్నులతో కలిపి టికెట్‌లో 75 శాతం, అంతర్జాతీయ విమానాల్లో దూరాన్ని బట్టి 30, 50, 75 శాతం వెనక్కివ్వాలి. బిజినెస్ క్లాసు వాళ్ళకి అది అక్కరకొస్తుంది. మా 12సీ నుంచి 27ఈకి మారడం మాత్రం అందులోకి రాదు, రెండూ ఎకానమీయే కాబట్టి తరగతి మారనట్టే లెక్క. మారని తరగతికి వెయ్యి రూపాయల పైన ఎందుకు తీసుకున్నట్టు? సీటు ఎంపికని, తిండిని, బ్యాగేజీని టికెట్ నుంచి విడగొట్టి ఇష్టమైనవాళ్ళకి అమ్ముకోవచ్చని కంపెనీలకి వెసులుబాటు ఇచ్చింది డీజీసీఏయే, తాగేనీళ్ళు మాత్రం అమ్మకూడదంది. అలాంటప్పుడు విడిగా అమ్మిన వస్తువు ఇవ్వకపోతే విడిగా డబ్బు వాపసు అనే వాక్యం కూడా అక్కడే రాయాలి. పొరపాటు ప్రయాణికుడిదైనా సరే, సీటు మిగిలింది కదా, అందులో ఇంకొకళ్ళు కూర్చున్నారు కదా. ఇక ఆ సీటుతో వచ్చే స్నాకూ జ్యూసూ మనిషి పేరు మీద ఉండాలి, కుర్చీ నంబరు మీద కాదు. చిన్న విషయమే. కానీ డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి తను డబ్బు కట్టిన ఉప్మా ఇంకొకళ్ళ చేతికి వెళ్ళిందని విని "పోన్లేరా" అనాల్సి రావడం బాగోలేదు.

3. తెలుగు నేల మీద ఎక్కే, దిగే విమానాల్లో ఎమర్జెన్సీ తలుపు సూచనలు తెలుగులో కూడా ఉండాలి. భాష అర్థం కావాలన్న షరతు తీసేయమనడం లేదు, అమెరికాలో కూడా ఆ షరతు ఉంది, కంపెనీ ఏ భాషలో సూచనలిస్తుందో ఆ భాష అర్థం కానివాళ్ళని అక్కడా కూర్చోనివ్వరు. మా ప్రశ్న, ఆ భాషల్లో తెలుగు ఎందుకు లేదనేది. 2018లో విమానాశ్రయాల్లో ప్రకటనలు స్థానిక భాషలో కూడా చేయాలని కేంద్రమే చెప్పింది. గేటు దాకా పనికొచ్చిన తెలుగు విమానం మెట్టెక్కాక ఎందుకు పనికిరాకుండా పోతుంది? చిన్న ఊళ్ళకి చవగ్గా విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ 2017 ఏప్రిల్ 27న మొదలైన రోజే కడప నుంచి హైదరాబాద్‌కి కూడా విమానం వేశారు, చెప్పులేసుకున్న సామాన్యుడు విమానమెక్కాలన్నారు. ఎక్కాడు. ఆయనకి వచ్చింది తెలుగు. నేను చూసిన సేఫ్టీ కార్డులన్నిటిలో ఇంగ్లీషు, హిందీ తప్ప ఇంకో లిపి కనబడలేదు. మా నాన్న నడిపిన బస్సులో వెనకాల ఎర్ర రంగుతో "అత్యవసర ద్వారం" అని రాసి ఉండేది, చదువు అంతంతమాత్రం వచ్చినవాళ్ళు కూడా కూడబలుక్కుని చదివేవాళ్ళు. మంత్రిగారూ, మీది శ్రీకాకుళం. మీ జిల్లా నుంచి విశాఖ వచ్చి విమానమెక్కే పెద్దవాళ్ళలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పగలిగేవాళ్ళు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ రూట్లలో తెలుగు వచ్చిన ఒక్క మనిషైనా సిబ్బందిలో ఉండాలి. ఎమర్జెన్సీ తలుపు వరుస కోసమే కాదు, ఒక ముసలావిడకి గుండెల్లో నొప్పొస్తే ఎక్కడో చెప్పుకోవడానికైనా.

4. కాలు నొప్పున్నవాళ్ళకి నిజంగా పనికొచ్చే జాగా వేరే పెట్టండి. చాలా విమానాల్లో మొదటి వరుసకి ముందు గోడే ఉంటుంది, ఎవరూ వెనక్కి వాలరు, తలుపు తెరిచే పనీ లేదు. (అక్కడా ఇబ్బందులున్నాయి, ట్రే చెయ్యి ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్‌లోంచి వస్తుంది కాబట్టి ఆ ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు, బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకోనివ్వరు. అయినా 27ఈ కంటే నయం.) ఆ వరుసలో కొన్ని సీట్లు చివరి రోజు దాకా ఆపి ఉంచి, డాక్టర్ కాగితం చూపించినవాళ్ళకి అదనపు డబ్బు లేకుండా ఇవ్వండి. కుదరదనకండి. 12 ఏళ్ళ లోపు పిల్లలకి తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనైనా సీటివ్వాల్సిందేనని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ చెప్పింది, అంతకుముందు పక్కపక్క సీట్లకి డబ్బడిగిన కంపెనీలే ఒప్పుకున్నాయి. పిల్లలకి చేసింది పెద్దలకి చేయలేరా? తోడొచ్చినవాళ్ళని పక్కనే ఉంచడం కూడా ఇందులోనే కలపండి, మా అమ్మా నాన్నల్ని మూడు వరుసల అవతలికి విడదీసినట్టు కాకుండా.

5. అంగుళాలు చెప్పి అమ్మండి. "ఎక్స్‌ట్రా" అంటున్నారు, దేని మీద ఎక్స్‌ట్రా? ఒక సీటు వీపు నుంచి ముందు సీటు వీపు దాకా ఉండే దూరాన్ని పిచ్ అంటారు, అందులో కుర్చీ మందం కూడా కలిసే ఉంటుంది, అంటే మోకాలికి మిగిలేది ఆ అంకె కంటే తక్కువే. మామూలు ఎకానమీలో అది 28 నుంచి 32 అంగుళాలు, ఎక్కువ జాగా సీట్లలో ఓ నాలుగైదు అంగుళాలు అదనం. చీర కొంటే ఎన్ని గజాలో చెప్తారు, స్థలం కొంటే కొలత వేసి చూపిస్తారు, ఇక్కడ మాత్రం సీటు బొమ్మకి రంగు మార్చి ధర వేస్తారు. ఆ సీటు వెనక్కి వాలుతుందో లేదో కూడా చెప్పరు. వరుసగా రెండు ఎమర్జెన్సీ తలుపు వరుసలున్న చోట ముందు వరుస సీట్లు వాలవు, వాలితే వెనకవాళ్ళకి దారి మూసుకుపోతుంది. వాలని సీటు, వాలే సీటు ఒకే ధరకి అమ్మడం ఏ లెక్క?

6. మామూలు సీటుకి ఒక కనీస కొలత పెట్టండి. ఇది అన్నిటికంటే పెద్ద విషయం, అందుకే నాకు దీని మీద ఆశ తక్కువ. అందరి కాళ్ళ ముందు నుంచి అంగుళం అంగుళం తీసి, ఆ అంగుళాల్నే నాలుగు వరుసలకి చేర్చి వేరే ధరకి అమ్ముతుంటే, కొనలేనివాడు రెండుసార్లు నష్టపోతాడు. బ్రిటన్‌లో 1989లోనే సీటు ముందు కనీసం 26 అంగుళాలుండాలని ఒక గీత గీశారు. అమెరికా పార్లమెంటు 2018లో చట్టం చేసి, ఏడాదిలో కనీస కొలతలు పెట్టమని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకి చెప్పింది. 2022లో జనం అభిప్రాయాలడిగితే 26 వేలకి పైగా వచ్చాయి, ఏడాది గడువు మాత్రం ఎప్పుడో దాటిపోయింది. అంతకుముందు వాళ్ళు చేసిన పరీక్షల్లో పాల్గొన్నవాళ్ళు 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఆరోగ్యవంతులు. మా నాన్నలాంటి మోకాలు ఆ పరీక్షలో లేదు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా డల్లాస్‌కో చికాగోకో పిల్లల దగ్గరికి వెళ్ళే మన పెద్దవాళ్ళు ఒకే కుర్చీలో పద్నాలుగు, పదిహేను గంటలు ముడుచుకుని కూర్చుంటారు, కాళ్ళు వాచి బూట్లలో పట్టక వాటిని చేత్తో పట్టుకుని దిగినవాళ్ళని నేనే చూశాను. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుందని, మధ్యమధ్యలో లేచి నడవమని డాక్టర్లు చెప్పి పంపిస్తారు. మధ్య సీట్లోంచి లేవాలంటే పక్కవాళ్ళని నిద్ర లేపాలి, మన పెద్దవాళ్ళు మొహమాటపడి లేపరు. అమెరికా తేల్చే దాకా ఆగకుండా మనమే ముందు మొదలుపెడితే ఏం పోయింది?

ఈ ఆరింటిలో మొదటి రెండింటికి చట్టం మార్చక్కర్లేదు, విమానంలో ఒక్క నట్టు కదపక్కర్లేదు. ఒక సర్క్యులరు, యాప్‌లో ఒక మార్పు. వాటికి మూడు నెలల గడువు పెట్టి ఆ తేదీ బయటికి చెప్పమని అడుగుతున్నాం. తెలుగు సేఫ్టీ కార్డుకి కావలసింది ఒక అనువాదం, ఒక ప్రింటు. కంపెనీల పెద్దలకి విడిగా ఒక మాట: మాకు సారీ అక్కర్లేదు, వచ్చేసారి వాడుకోమని కూపన్ పంపకండి. 12బీ, 12సీ సీట్ల డబ్బు పంపండి చాలు, నాది ఉంచుకోండి, నేను కూర్చున్నాను.

వచ్చే నెల నాన్నని మళ్ళీ చెకప్‌కి తీసుకురావాలి. టికెట్లు తీశాను, సీట్లు ఇంకా ఎంచుకోలేదు. ఇంటికి ఫోన్ చేస్తే, నాన్న ఆ టికెట్లు క్యాన్సిల్ చేసి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో లోయర్ బెర్త్ ఉందేమో చూడమంటున్నారు.

ఇట్లు,
విశాఖ–హైదరాబాద్ మధ్య తరచూ తిరిగే ఒక ప్రయాణికుడు